86: బార్లో పుట్టని బార్ మాట

2025 మే నెలలో అమెరికా అంతా నాలుగంకెల మీద కొట్టుకుంది. ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ జేమ్స్ కోమీ బీచ్‌లో నడుస్తుంటే ఇసుక మీద 8647 అని పేర్చిన గవ్వలు కనిపించాయట. ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. 47 ఏమిటో ఎవరికీ అనుమానం లేదు, ట్రంప్ 47వ అధ్యక్షుడు. గొడవంతా 86 దగ్గర. "చంపెయ్యమని పిలుపునిస్తున్నాడు" అని ఒక పక్షం, "పదవిలోంచి దించెయ్యమంటున్నాడు, అంతే" అని ఇంకో పక్షం. కోమీ పోస్టు తీసేశాడు. అయినా సీక్రెట్ సర్వీస్ వాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. బైడెన్ 46వ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో 8646 అని రాసిన టీషర్టులు ఇంటర్నెట్‌లో అమ్మారు. అప్పుడు ఈ అర్థవిచారం ఇంత జోరుగా సాగలేదు. అది వేరే సంగతి.

ఆ గొడవలో ప్రతివాడూ భాషాశాస్త్రవేత్త అయిపోయాడు. బాగా తిరిగిన కథ ఇది: మాఫియా వాళ్ళు మనిషిని ఊరికి ఎనిమిది మైళ్ళ అవతలికి తీసుకెళ్ళి ఆరడుగుల గోతిలో పూడుస్తారు, అందుకే 86. వినడానికి భలే ఉంది. ఒక వాక్యంలో కారు, చీకటి, పార, శవం అన్నీ ఉన్నాయి. కానీ పచ్చి కట్టుకథ. ఇంకొంచెం చదువుకున్నవాళ్ళు "కాదు కాదు, మద్యనిషేధం నాటి దొంగ బార్లో పుట్టిన మాట" అంటారు. అదీ నిలబడదంటాను నేను. ఇవాళ బార్లలో, నైట్‌క్లబ్బుల్లో ఎంత దర్జాగా తిరుగుతున్నా, ఈ మాట అక్కడ పుట్టలేదు. పిల్లలు ఐస్‌క్రీం సోడా తాగే కౌంటర్ దగ్గర పుట్టింది.

నాకీ మాట మొదట తగిలింది వంటింట్లో. ఎం.ఎస్. చదివే రోజుల్లో క్యాంపస్ డైనింగ్ హాల్లో పనిచేసేవాణ్ణి. అమెరికా వెళ్ళిన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలిసిన ఉద్యోగమే: చేతికి గ్లవ్స్, తలకి నెట్, వారానికి ఇరవై గంటలు. లైన్ పక్కన గోడకి ఒక తెల్లబోర్డు ఉండేది. పైన ఎర్ర మార్కర్‌తో 86 అని, కింద ఆ పూట అయిపోయిన వాటి పేర్లు: టొమాటో సూప్, రాంచ్, బ్లాక్ బీన్ ప్యాటీ. గ్రిల్ దగ్గర కుక్ "ఎయిటీ సిక్స్ సామన్!" (సామన్ చేప అయిపోయింది) అని అరిస్తే మిగతావాళ్ళందరూ "హర్డ్!" అనాలి, అంటే విన్నామని. అనకపోతే మళ్ళీ అరుస్తాడు, ఈసారి చెవులు పగిలేలా. నాకంటే ఏడాది ముందు చేరిన ఒంగోలు అన్న ఒకాయన ఉండేవాడు. "అయిపోయింది అనడానికి వీళ్ళు 86 అంటార్రా. ఎందుకని మాత్రం అడక్కు, ఒక్కొక్కడు ఒక్కో కథ చెప్తాడు" అన్నాడు మొదటి షిఫ్టులోనే.

అదే ఊళ్ళో రెండు వీధుల అవతల బార్లో ఇదే మాటకి ఇంకో అర్థం. ఎవడైనా మోతాదు మించి తాగి పక్క టేబుల్ వాళ్ళ మీద పడ్డాడనుకోండి, వాణ్ణి "86 చేశారు" అంటారు. ఇక ఆ రాత్రికి మందు పొయ్యరు. మరీ శ్రుతిమించితే తలుపు దగ్గర బౌన్సర్ ఆ తర్వాత కూడా లోపలికి రానివ్వడు. 2018లో వర్జీనియాలోని లెక్సింగ్టన్‌లో రెడ్ హెన్ అనే రెస్టారెంట్ యజమానురాలు ట్రంప్ ప్రెస్ సెక్రటరీ సారా శాండర్స్‌ని బయటికి వెళ్ళమన్నప్పుడు, అక్కడి సర్వర్ ఫేస్‌బుక్‌లో వాడింది ఈ మాటే: మా ఓనర్ ఆమెని 86 చేసింది అని.

అంటే వంటింట్లో సరుకు 86 అవుతుంది, బార్లో మనిషి 86 అవుతాడు. ఈ రెండింట్లో ఏది ముందో తేలితే పుట్టుక సగం తేలినట్టే. బార్ కథలు చెప్పేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర ఆగరు.

అచ్చులో దొరికిన పాత ఆధారం 1933 నాటిది. వాల్టర్ విన్చెల్ అని అప్పట్లో పేరుమోసిన పత్రికా రచయిత ఉండేవాడు. బ్రాడ్‌వే కబుర్లు, సినిమా తారల గుట్లు, వాటి మధ్య కొత్త కొత్త యాస మాటలు ఆయన కాలమ్‌లో వచ్చేవి. హాలీవుడ్‌లో సోడా కౌంటర్ మీద పనిచేసే ఒక కుర్రాడు పంపించాడంటూ ఆయన ఒక పట్టిక వేశాడు. అందులో 81 అంటే గ్లాసు మంచినీళ్ళు. 13 అంటే పెద్ద బాసుల్లో ఒకడు ఇటే తచ్చాడుతున్నాడు, జాగ్రత్త. 86 అంటే అది అయిపోయింది. మూడేళ్ళ తర్వాత, 1936లో, అమెరికన్ స్పీచ్ అనే భాషాపత్రిక సోడా కుర్రాళ్ళ మాటల మీద ఒక వ్యాసం వేసింది. అందులోనూ ఇదే అర్థం: అడిగిన వస్తువు లేదు. మందు ఊసు లేదు, తాగుబోతు లేడు, పోలీసు లేడు.

సోడా ఫౌంటెన్ అంటే ఇప్పటి పిల్లలకి తెలిసే అవకాశం తక్కువ. మన మెడికల్ షాపు, కూల్‌డ్రింక్ షాపు, ఐస్‌క్రీం పార్లర్ ఒకే కప్పు కింద పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. మందుల దుకాణంలోనే ఒక పక్కన పొడవాటి పాలరాతి కౌంటర్, దాని ముందు గుండ్రంగా తిరిగే స్టూళ్ళు, వెనక గ్యాసు నీళ్ళ కుళాయిలు. కుళాయి పిడిని ఒక్క కుదుపుతో లాగుతాడు కాబట్టి ఆ కుర్రాణ్ణి సోడా జెర్క్ అనేవారు. 1920 జనవరి నుంచి 1933 డిసెంబర్ దాకా దేశమంతా మద్యనిషేధం. బార్లు మూతపడ్డాక పదిమంది కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటుగా ఈ కౌంటర్లు పుంజుకున్నాయి. పెద్ద పెద్ద బీరు కంపెనీలే బతుకుతెరువు కోసం ఐస్‌క్రీం తయారుచేశాయి. పెన్సిల్వేనియాలోని యుయెంగ్లింగ్, బడ్‌వైజర్ తయారుచేసే ఆన్‌హైజర్-బుష్ కూడా.

ఆ కౌంటర్ దగ్గర భాష ఎలా ఉండేదంటే, ఆర్డర్ తీసుకున్నవాడు ఉన్నదున్నట్టు చెబితే నామోషీ. "ఆడమ్ అండ్ ఈవ్ ఆన్ ఎ రాఫ్ట్" అంటే టోస్ట్ మీద రెండు కోడిగుడ్లు. "రెక్ దెమ్" అంటే ఆ గుడ్లనే చిదిమెయ్యమని. "షూట్ వన్" అంటే ఒక కోక్. ఇవన్నీ ఆర్డర్లు, వినేవాళ్ళకి వినోదం. అంకెల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారుతుంది. 95 అంటే డబ్బులు కట్టకుండా జారుకుంటున్నాడు, పట్టుకో. 99 అంటే మేనేజర్. 87½ అంటే అందమైన అమ్మాయి వచ్చింది, చూడు. అవును, అర కూడా ఉంది. ఇవేవీ కస్టమర్ చెవిన పడకూడని సంగతులు. కస్టమర్ కూర్చున్నదేమో మూరెడు దూరంలో. అంకె అయితే విన్నా తెలియదు. సరుకు అయిపోయిన విషయం కూడా అలాంటిదే. చెర్రీ సిరప్ అయిపోయిందని గట్టిగా అరిస్తే వరుసలో నుంచున్నవాళ్ళు పక్క షాపుకి పోతారు. 86 అని అరిస్తే ఎవరూ కదలరు.

అన్ని అంకెల్లో 86నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పడానికి నిఘంటువులు ఒక దారి చూపిస్తాయి. ఇంగ్లిష్‌లో "లేదు", "కుదరదు" అనడానికి "నిక్స్" అనే మాట ఉంది, జర్మన్ నుంచి వచ్చింది. నిక్స్‌కీ ఎయిటీ సిక్స్‌కీ ప్రాస కుదిరింది. ఆక్స్‌ఫర్డ్, మెరియం-వెబ్‌స్టర్ రెండూ బహుశా ఇదే అంటాయి. నాకూ ఇది సబబుగానే తోస్తుంది. ఎటూ అంకెలతో మాట్లాడుకునే కుర్రాళ్ళు "లేదు" అనడానికి ప్రాస కలిసే అంకెని ఎంచుకోవడంలో వింతేముంది?

ఇక బార్ కథలు. వీటిలో రాజు న్యూయార్క్ చమ్లీస్ కథ. గ్రీనిచ్ విలేజ్ పేటలో బెడ్‌ఫర్డ్ స్ట్రీట్, ఇంటి నంబరు 86. అంతకుముందు కమ్మరి కొలిమి ఉన్న చోట 1922లో లీలాండ్ చమ్లీ అనే ఆయన దొంగచాటు బార్ తెరిచాడు. బయట బోర్డు లేదు. ఒక తలుపు బెడ్‌ఫర్డ్ స్ట్రీట్‌లోకి, ఇంకోటి పమేలా కోర్ట్ అనే చిన్న ఆవరణ గుండా బారో స్ట్రీట్‌లోకి. రచయితలు తెగ వచ్చేవారు, గోడల నిండా వాళ్ళ పుస్తకాల అట్టలు. కథ ఏమిటంటే, మామూళ్ళు పుచ్చుకునే పోలీసులు దాడికి ముందు ఫోన్ చేసి "86 చెయ్" అనేవారట. మేం ఆవరణ వైపు నుంచి వస్తున్నాం, నీ జనాన్ని 86 నంబరు తలుపులోంచి సాగనంపు అని. 1995-97 మధ్య మన దగ్గర నడిచిన మద్యనిషేధం చూసినవాళ్ళకి ఇలాంటి కథ ఎంత నమ్మబుద్ధేస్తుందో చెప్పక్కర్లేదు. చోటు నిజం, తలుపులు నిజం, అలాంటి పోలీసులు ఉండటమూ నిజమే.

అయినా నేను నమ్మను. ఒకటి, ఈ కథలో 86 అయ్యేది మనుషులు. 1933 కాగితంలో 86 అయ్యేది సరుకు. మాట చమ్లీస్ తలుపు దగ్గర పుట్టి ఉంటే, దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల అవతల హాలీవుడ్ సోడా కుర్రాడి నోటికి చేరేసరికి "బయటికి పంపు" అన్న అర్థం ఎక్కడా జాడ లేకుండా పోయి "అయిపోయింది" అయి ఉండాలి. తర్వాత మళ్ళీ పాత అర్థం బతికి రావాలి. మాటలకి పునర్జన్మలు ఉండొచ్చు గానీ పదేళ్ళలో రెండు ఉండవు. రెండు, ఈ కథ అచ్చులో కనిపించేది సంఘటన జరిగిందంటున్న కాలానికి కొన్ని దశాబ్దాల తర్వాత. ఆ తలుపు చూపించి టూరిస్టులకి కథ చెప్పే కాలం వచ్చాక అన్నమాట. మూడోది నా సొంత అనుమానం: ఇంట్లో ఉన్నవాడికి ఫోన్ చేసి వాడి ఇంటి నంబరే ఎవరైనా చెబుతారా? ముందు తలుపు అంటే సరిపోదూ?

రెండో కథ చట్టం కథ. న్యూయార్క్ మద్యం చట్టంలో సెక్షన్ 86 ప్రకారం తాగి తూలుతున్నవాడికి మందు పొయ్యకూడదట. ఇది మనవాళ్ళు ఇట్టే నమ్మేస్తారు, ఎందుకంటే మనకి 420 ఉంది. మోసగాణ్ణి ఫోర్ ట్వంటీ గాడు అనడానికి కారణం నిజంగానే సెక్షనే. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 420వ సెక్షన్ మోసం గురించి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి ఆ సెక్షన్ 318లోకి పోయింది, తిట్టు మాత్రం ఉద్యోగం మానలేదు. కాబట్టి అంకె కనిపిస్తే సెక్షన్ వెతకడం మనకి అలవాటు. కానీ న్యూయార్క్‌లో తాగినవాడికి పొయ్యకూడదని చెప్పేది సెక్షన్ 65. పైగా ఆ చట్టం వచ్చిందే 1934లో, నిషేధం ఎత్తేశాక. మాట అంతకు ముందు ఏడాదే అచ్చయింది.

అమెరికాలో 420 అంటే గంజాయి. దానికీ పోలీసు కోడ్ అనే కథే చెబుతారు, అదీ అబద్ధమే. 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రాఫెల్‌లో అయిదుగురు హైస్కూలు కుర్రాళ్ళు సాయంత్రం 4:20కి లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకునేవారు. ఎవరో వదిలేసిన గంజాయి మొక్కలు వెతకడానికి. దొరకలేదు లెండి. కానీ ఆ రోజుల్లో ఈ అంకె వాడుతూ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు పోస్టు ముద్రలతో సహా దాచుకున్నారు. ఇదిగో, ఇలాంటివి ఆధారాలంటే.

మూడోది విస్కీ కథ. 100 ప్రూఫ్ విస్కీ తాగుతున్నవాడికి కిక్కు ఎక్కువైతే, బార్‌టెండర్ గుట్టుచప్పుడు కాకుండా 86 ప్రూఫ్‌కి దించేసేవాడట. అమెరికన్ ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు, కాబట్టి 86 ప్రూఫ్ అంటే 43 శాతం. మన విస్కీ సీసా తిప్పి చూడండి, 42.8 శాతం, 75 డిగ్రీ ప్రూఫ్ అని ఉంటుంది. అది బ్రిటిష్ లెక్క, వాళ్ళ ప్రూఫ్ వేరు. అమెరికన్ లెక్కలో మన క్వార్టర్ సీసా కూడా ఇంచుమించు 86 ప్రూఫే. మనకి రోజూ మామూలుగా పోసేది అక్కడ శిక్షగా పోసేవారన్నమాట! హాస్యం పక్కనపెడితే, ఈ కథలో తాగుబోతుకి మందు పోస్తూనే ఉన్నారు. 86 అంటే పొయ్యకపోవడం. కథ మాటకి ఎదురు తిరిగింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. డెల్మోనికోస్ అనే ఖరీదైన రెస్టారెంట్ మెనూలో 86వ వంటకం ఎప్పుడూ అయిపోయేదట. ప్రతి హోటల్లోనూ ఏదో ఒకటి రోజూ అయిపోతుంది. ఆ లెక్కన మన ప్రతి టిఫిన్ సెంటర్లోనూ ఎనిమిదింటికే ఒక అంకె పుట్టాలి. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 86వ అంతస్తు నుంచి జనం దూకేవారు కాబట్టి అని ఇంకోటి. ఆ భవనం తెరిచిందే 1931లో. అక్కడి చావుకీ హాలీవుడ్ చెర్రీ సిరప్‌కీ రెండేళ్ళలో ముడి ఎవరు వేశారో చెప్పరు.

ఇంతకీ మాట బార్లోకి ఎలా వచ్చింది? ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1944లో జీన్ ఫౌలర్ అనే ఆయన నటుడు జాన్ బారిమోర్ జీవితచరిత్ర రాశాడు. బారిమోర్ అంటే ఆ తరంలో హామ్లెట్‌గా మెప్పించిన మహానటుడు, తాగుడుతో ఆరోగ్యాన్నీ జ్ఞాపకశక్తినీ పోగొట్టుకుని 1942లో చనిపోయాడు. బెలాస్కో బిల్డింగ్‌లోని ఒక చిన్న బార్లో ఆయన "ఒక 86" అని రాశాడు ఫౌలర్. పాఠకులకి తెలియదనుకున్నాడో ఏమో అర్థం కూడా చెప్పాడు: పడమటి బార్ వాళ్ళ యాసలో ఆయనకి పొయ్యొద్దని. గమనించండి, పడమటి వాళ్ళ యాస అన్నాడు. న్యూయార్క్ చమ్లీస్ వైపు కాకుండా హాలీవుడ్ వైపు వేలు చూపిస్తోంది ఈ ఆధారం కూడా.

నిషేధం పోయింది 1933 డిసెంబర్ 5న. దేశమంతటా ఒక్కసారిగా బార్లు తెరుచుకున్నాయి. పదమూడేళ్ళు మూతపడ్డ వృత్తికి చేతులు కావాలి. కౌంటర్ వెనక నిలబడి, ఒకే ఊపులో పది గ్లాసులు నింపి, నవ్వుతూ మాట్లాడే అలవాటు ఎవరికి ఉంది? సోడా కుర్రాళ్ళకి. వాళ్ళు వస్తూ వస్తూ తమ అంకెలు తెచ్చుకున్నారని నా ఊహ. 13 పోయింది, 81 పోయింది. 86 మాత్రం కొత్త చోట కొత్త పనిలో కుదురుకుంది. తాగినవాడితో "నీకు పొయ్యను" అంటే సీసా తీసుకుని కొడతాడు. తోటి బార్‌టెండర్‌తో "86" అంటే వాడికి అర్థమయ్యేది ఇదే: ఈయన వరకు సరుకు అయిపోయింది. అంటే మొదట్లో ఇది తోసెయ్యడం కాదు, మర్యాదగా ఆడిన అబద్ధం. సరుకు గురించి చెప్పిన అబద్ధం ఆ మనిషికే అంటుకుని, చివరికి మనిషే 86 అయ్యాడు. అక్కణ్ణుంచి గెంటెయ్యడం, వదిలించుకోవడం, పథకాన్ని రద్దు చెయ్యడం, ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి.

చంపడం అనే అర్థం ఈ వరుసలో ఆఖరిది. అది లేదనను. ఆ అర్థంలో వాడినవాళ్ళు ఉన్నారు. మెరియం-వెబ్‌స్టర్ మాత్రం అది ఇటీవలిదీ, అరుదుగా వాడేదీ కాబట్టి నిఘంటువులో చేర్చలేదని చెప్పింది. కోమీ గొడవలో జరిగిన తిరకాసు ఇదే. కొసన మొలిచిన కొమ్మని చూపించి ఇదే వేరు అన్నారు. ఎనిమిది మైళ్ళ కథ అందుకు పనికొచ్చింది. వేరు అక్కడే ఉందని నమ్మించగలిగితే, ఎవరు ఎప్పుడు ఆ మాట అన్నా గోతిలో పూడ్చడమే వాళ్ళ మనసులో ఉందని చెప్పొచ్చు. సరదా కథలే కదా, నిజమైతేనేం కాకపోతేనేం అనేవాళ్ళతో నాకు పేచీ అందుకే. ఆ సరదా కథని సాక్ష్యంగా చూపించి ఒక మనిషి మీద కేసు పెట్టాలని టీవీల్లో గంటల తరబడి వాదించారు.

చమ్లీస్ 2007లో గోడ కూలి మూతపడింది, 2016లో మళ్ళీ తెరిచారు, 2020లో మళ్ళీ మూసేశారు. కథ మాత్రం ఇంకా తెరిచే ఉంది. దానికి నా షరతు ఒకటే. 1933 కంటే పాతది, తేదీ ఉన్నది, 86 అంటే మనుషుల్ని పంపెయ్యడమని చెప్పేది ఏ కాగితమైనా సరే, ఉత్తరమో బార్ బిల్లో పోలీసు రికార్డో, చూపిస్తే పైన రాసిందంతా కొట్టేసి మళ్ళీ రాస్తాను. ఎవరి దగ్గరైనా ఉంటే కింద కామెంట్లో పెట్టండి. "మా బావ న్యూజెర్సీలో బార్‌టెండర్, ఆయనే చెప్పాడు" అన్నవి మాత్రం వద్దు, అవి నా దగ్గరే బోలెడున్నాయి.